పాత కట్టడాలు – పురపాలక సంఘాలు – మనం

(డయాసిస్ శతాబ్ది ఉత్సవాలలో భాగంగా రాజాంలో జరిగిన సంఘ సభ్యుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం చారిత్రక కట్టడాల పరిరక్షణలో స్థానిక ప్రభుత్వాల పాత్ర. ఇది కొంచెం పొడి విషయమే. ఉదయం నుండి ఈ వేదిక మీద మాట్లాడినవారు మీ మనస్సులను కదిలించారు. నేను సున్నం గురించి, నోటీసుల గురించి, ఫైళ్ల గురించి మాట్లాడవలసి ఉన్నది. పురపాలక ఇంజనీరింగు శాఖలో ముప్పై సంవత్సరాలకు పైగా పనిచేసిన మనిషిని. నాకు తెలిసినది అదే. కాస్త ఓపిక పట్టండి.

నూరేళ్ల పండుగ చేసుకొంటున్నాము గనుక ఒక ప్రశ్న వేసుకోవడం సబబు. నూరేళ్ల వయస్సు దాటిన కట్టడాలు మన ఊళ్లలో ఎన్ని మిగిలాయి? మిగిలినవాటి బాగోగులు ఎవరు చూస్తున్నారు?

మన రాజాంతోనే మొదలుపెడదాము. ఆంధ్రదేశంలో ఏ మూలకు వెళ్లి రాజాం అని చెప్పినా, "తాండ్ర పాపారాయుడి రాజామా?" అని అడుగుతారు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు, విజయనగరం రాజు పెద విజయరామరాజు బలగాల ముందు బొబ్బిలి కోట కూలిపోయింది. ఆ వేళ పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. కబురు తెలిసి వెళ్లేసరికి అంతా అయిపోయింది. తరువాత కొద్ది రోజులలోనే విజయరామరాజు తన గుడారంలో హతుడైనాడు. ఈ కథ మనకు బుర్రకథలో తెలుసు, 1964లో వచ్చిన "బొబ్బిలి యుద్ధం" సినిమాలో తెలుసు, 1986లో వచ్చిన "తాండ్ర పాపారాయుడు" సినిమాలో తెలుసు. మన పిల్లలను కోట ఎలా ఉండేదని అడిగితే తెరమీది కోటనే వర్ణిస్తారు. రాజాంలో పేరు నిలిచినంత గట్టిగా రాళ్లు నిలవలేదు. బొబ్బిలిలో యుద్ధం జరిగిన చోట 1891లో అక్కడి సంస్థానాధీశులు ఒక స్మారక స్తంభం ఎత్తించారు. అది గౌరవించదగిన పని. కాని స్మారక స్తంభం వేరు, కట్టడం వేరు. ఒకటి చనిపోయినదానికి గుర్తు, రెండవది ఇంకా బ్రతికి ఉన్నది. మన ఊళ్లలో సాధారణంగా కట్టడం పోయిన తరువాతనే స్తంభానికి చందాలు వసూలవుతాయి.

కోటలు పోవడానికి యుద్ధాలు కారణమైతే, ఇళ్లు, సత్రాలు, బడులు, బంగళాలు పోవడానికి యుద్ధం అవసరం లేదు. ఒక కాగితం చాలు. ఆ కాగితం ఎక్కడ పుడుతుందో చెప్పడానికే నేను నిలబడ్డాను.

పాత కట్టడాలకు మన దేశంలో మూడు అంచెలలో రక్షణ ఉన్నది. మొదటిది కేంద్ర ప్రభుత్వానిది. 1958 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను భారత పురావస్తు శాఖ తన అధీనంలో ఉంచుకొంటుంది. శ్రీముఖలింగం ఆలయాలు, కళింగపట్నం దగ్గరి శాలిహుండం బౌద్ధ శిథిలాలు ఆ కోవలోనివి. 2010లో ఆ చట్టాన్ని సవరించి, అటువంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధించారు. ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతి ఉంటే తప్ప కట్టకూడదు. రెండవది రాష్ట్ర ప్రభుత్వానిది. దానికి 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉన్నది, ఒక పురావస్తు శాఖ ఉన్నది. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారి ఇల్లు ఆ శాఖ చూపు వల్ల నిలిచినదే.

ఈ రెండు జాబితాలలోనూ లేనివి ఏమిటి? చాలామటుకు మనం రోజూ చూసేవే. ఊరి మధ్యలో నున్న సత్రం. తాలూకా కచేరీ. బోర్డు స్కూలు. వైద్యులు నివసించిన మిషన్ బంగళా. సంతపేటలో వర్తకుల దుకాణం ఇళ్లు. స్మశానంలో పాత సమాధులు. వీటికి శాసనం లేదు, శిల్పం లేదు, రాజు పేరు లేదు. వీటికున్న ఏకైక దిక్కు మూడవ అంచె, అనగా మునిసిపాలిటీ, పంచాయతీ. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు 18 పనులతో ఒక షెడ్యూలును చూపింది. దానిలో 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల అభివృద్ధి. 14వది స్మశానాల నిర్వహణ. వీధి దీపాలకు, మురుగు కాల్వలకు ఇచ్చిన చోటే వీటికీ చోటిచ్చారు. కాని కౌన్సిలు సమావేశంలో 13వ పనిని గురించి ఎవరైనా లేచి అడగగా నేను నా ఉద్యోగకాలంలో వినలేదు.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. పాత భవనాన్ని కాపాడే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో కూల్చే అధికారం కూడా వారి చేతిలోనే ఉన్నది. కొత్త కట్టడానికి ప్లాను మంజూరు చేసేది మునిసిపాలిటీ. ప్రమాదకరమైన భవనానికి నోటీసు ఇచ్చేదీ మునిసిపాలిటీయే. ఈ రెండవ అధికారం అవసరమైనది. వానాకాలంలో గోడ కూలి దారిన పోయేవారి మీద పడకుండా ఉండాలంటే అది ఉండవలసిందే. కాని దానిని వాడుకొనే పద్ధతి ఒకటి ఉన్నది. అది చెబుతాను.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులలో ఒక పట్టణంలో బజారు పక్కన పాత సత్రం ఉండేది. ఆ ఊరు పేరు చెప్పను. ఆ స్థలంలో షాపుల సముదాయం కడితే అద్దెలు వస్తాయని ఆలోచన పుట్టింది. ఆలోచన తప్పని అనను. మునిసిపాలిటీకి రాబడి కావాలి గదా. ఫైలు మీద "భవనం శిథిలావస్థలో ఉన్నది, ప్రజల ప్రాణాలకు ప్రమాదకరం" అని రాశారు. వెళ్లి చూస్తే పైకప్పు మీది తూములో ఎండుటాకులు నిండి, నీరు నిలిచి, ఒక మూల గది పెచ్చులూడింది. ఉత్తరపు గోడలో రావిమొక్క మొలిచింది. అంతకు మించిన వ్యాధి దానికి లేదు. కూల్చడానికి కాంట్రాక్టరు వారం రోజులు చాలునన్నాడు. మూడు వారాలు పట్టింది. రెండున్నర అడుగుల మందం గోడ గడ్డపారకు లొంగక, కూలీలు మధ్యాహ్నానికే అలసిపోయేవారు. అప్పటికి జేసీబీలు రాలేదు. "బాబూ, ఇది శిథిలమైతే మా ఇళ్లను ఏమనాలి?" అని ఒక ముసలి కూలీ అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తు. దాని చోట లేచిన షాపుల స్లాబు ఇరవై ఏళ్లు తిరగక ముందే కారడం మొదలైంది.

"శిథిలం" అన్న మాటకు కొలత లేకపోవడమే అసలు చిక్కు. గోడ నిలువు తప్పిందా, పునాది కుంగిందా, దూలం కొన పుచ్చిందా, లేక తూము మూసుకుపోయిందా? ఒక్కొక్కదానికి ఒక్కొక్క మందు ఉన్నది. తూము మూసుకుపోయినందుకు ఇల్లు కూల్చడం, చెవిలో గుబిలి ఉన్నదని తల తీయించుకోవడం వంటిది.

ఇక మన జిల్లాలో జరిగినవి చూద్దాము. 2022 ఏప్రిల్ 4 నుండి మన రాజాం శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాలోకి వచ్చింది గనుక విజయనగరం ఇప్పుడు మన జిల్లా కేంద్రం. అక్కడి కోట 1713 నాటిది. సంస్థానాలు పోయిన తరువాత దేశంలో ఎన్నో కోటలు గబ్బిలాల పాలైనాయి. విజయనగరం కోటకు ఆ గతి పట్టలేదు. కారణం, 1958లో పి.వి.జి. రాజుగారు స్థాపించిన మాన్సాస్ ట్రస్టు ద్వారా ఆ ఆవరణ విద్యాసంస్థల పాలైంది. ఉదయం గంట కొట్టగానే పిల్లలు లోపలికి వచ్చే భవనంలో పైకప్పు కారితే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. తాళం వేసిన భవనం కారినా వినేవారుండరు.

అదే పట్టణంలో గంటస్తంభం ఉన్నది. 1885లో కట్టినది, ఎనిమిది పలకలది. దాని చుట్టూ బజారు పెరిగింది, బస్సులు పెరిగాయి. అయినా జనం దానిని గుర్తుగా వాడుకొంటున్నారు గనుక అది నిలిచింది. కాని అక్కడికి దగ్గరలోనే మూడు లాంతర్లు అనే దీపస్తంభం ఉండేది. అదీ 19వ శతాబ్దానిదే. ఊరికి చీకటిలో దారి చూపడానికి రాజులు పెట్టించినది. 2020 మే నెలలో, కూడలి అభివృద్ధి పనులలో దానిని పడగొట్టారు. దేశమంతా కరోనా భయంతో ఇళ్లలో ఉన్న రోజులవి. పడిపోయిన తరువాత గొడవ జరిగింది, పత్రికలు రాశాయి, రాజకీయ పక్షాలు ఒకదానినొకటి నిందించుకొన్నాయి. నేను పక్షాల జోలికి పోను. నా ప్రశ్న ఒక్కటే: పడగొట్టడానికి ముందు, "ఈ స్తంభం ముట్టుకోరాదు" అని చెప్పగల కాగితం ఆ పని చేసేవారి బల్ల మీద ఉన్నదా? అటువంటి కాగితం ఉంటే గడ్డపార ఎత్తినవాడికి కూడా సందేహం కలిగేది. అందం కోసం చేసే పనిలో అందమైనది పోవడం కన్నా విచిత్రం ఉండదు.

మంచి ఉదాహరణ కూడా చెప్పాలి. విశాఖపట్నం పాతపట్టణంలో బొబ్బిలి రాజావారి విరాళంతో కట్టిన టౌన్ హాలు ఉన్నది. మన వైపు డబ్బుతో లేచిన హాలు అది. ఎన్నో సంవత్సరాలు ఉపేక్షకు గురైన ఆ రాతి భవనాన్ని ఇటీవలి సంవత్సరాలలో మహా విశాఖ నగరపాలక సంస్థ వారు స్మార్ట్ సిటీ పథకంలో చేర్చి బాగుచేయించారు. కూల్చి అంతస్తులు లేపుదామనే బదులు, ఉన్నదానిని ఉన్నట్లుగా నిలబెడదామని ఒక స్థానిక సంస్థ తీర్మానించుకోవడం మన ప్రాంతంలో తరచుగా జరిగేది కాదు. అందుకే చెబుతున్నాను.

భీమునిపట్నం సంగతి వేరు. 1861లోనే అక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. దేశంలోని పాత మునిసిపాలిటీలలో అది ఒకటి. డచ్చివారి సమాధులు, సెయింట్ పీటర్స్ ఆలయం, గంటస్తంభం, వర్తకుల గిడ్డంగులు ఒకదాని పక్కన ఒకటి ఉన్న ఊరు. 2013లో దానిని విశాఖ నగరంలో కలిపివేశారు. చిన్న ఊరి పాత కట్టడాలు పెద్ద నగరపు ఫైళ్లలో చేరితే వాటి వంతు రావడానికి చాలాకాలం పడుతుంది. రాజాం వంటి చిన్న పట్టణానికి ఈ విషయంలో ఒక సదుపాయం ఉన్నది. కమిషనరు గారు ఒక ఉదయం నడిచి వస్తే ఊరిలోని పాత కట్టడాలన్నీ చూడవచ్చును.

కాగితం ప్రభావం ఎంతటిదో తెలియాలంటే హైదరాబాదు వైపు చూడాలి. అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ 1981 జోనింగు నిబంధనలలో 13వ నిబంధన కింద చారిత్రక భవనాల రక్షణ ఏర్పాటు జరిగింది. 1998లో వందకు పైగా భవనాల పేర్లతో జాబితా ప్రకటించారు. జాబితాలో ఉన్నదానిని కూల్చాలన్నా, మార్చాలన్నా ఒక నిపుణుల సంఘం సలహా తీసుకోవాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. 2017లో కొత్తగా వారసత్వ చట్టం చేసింది. ఈ మధ్యలో ఏమైనది? 2019లో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి అక్కడ శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. పౌరులు హైకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఆ భవనం పాత జాబితాలో ఉండడం వాదనలో ముఖ్యాంశం అయింది. చూశారా, ఎప్పుడో ఒక గుమాస్తా టైపు చేసిన వరుసలో ఒక పేరు ఉన్నందుకు, మంత్రివర్గ తీర్మానం కూడా ఆగింది.

అక్కడే మోజంజాహి మార్కెట్టు కథ కూడా ఉన్నది. 1935లో రాతితో కట్టిన బజారు. మరమ్మతులు చేసి, గోడల మీద పేరుకొన్న మసి, బోర్డులు, తీగలు తొలగించి, 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. దుకాణాలను ఖాళీ చేయించి మ్యూజియం చేయలేదు. ఐస్‌క్రీము అమ్మేవారు ఐస్‌క్రీమే అమ్ముతున్నారు. ఇది నాకు నచ్చిన విషయం. పాత భవనాలను అద్దాల పెట్టెలో పెట్టాలని నేను అనడంలేదు.

ఇక్కడ న్యాయంగా రెండవ పక్షం మాట కూడా వినాలి. పాత ఇంటి యజమాని, "కాపాడండి అని మీరంతా అంటారు, పెంకులు మార్చే ఖర్చు ఎవరిస్తారు?" అని అడుగుతాడు. అతని ప్రశ్న సమంజసమే. నలుగురు అన్నదమ్ములు పంచుకోవలసిన ఇల్లు, వీధి మీద సెంటు ధర లక్షలలో ఉన్న కాలం. అతనిని కేవలం ఉపన్యాసాలతో ఆపలేము. అందుకే నిబంధనలలో అభివృద్ధి హక్కుల బదిలీ అనే ఏర్పాటు ఉన్నది. పాత ఇంటిని ఉంచుకొన్నవాడు, ఆ స్థలంలో కట్టుకోగలిగి కూడా కట్టుకోని అంతస్తుల హక్కును వేరొక చోట కట్టేవారికి అమ్ముకోవచ్చును. పెద్ద నగరాలలో ఈ హక్కుకు గిరాకీ ఉంటుంది; మన వంటి పట్టణంలో కొనేవాడు దొరకడం కష్టం. మన చోట ఆస్తిపన్నులో తగ్గింపు వంటిది ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం. అట్లాగే రోడ్డు వెడల్పు చేయడం కూడా నిజమైన అవసరమే. అంబులెన్సు వెళ్లలేని వీధిలో అరుగు గొప్పతనం చెబితే వినేవారుండరు. కాని రోడ్డు గీత గీసేటప్పుడు ఎటువైపు ఎన్ని అడుగులు తీయాలో తేల్చేది మనిషే. ఆ మనిషి ముందు జాబితా ఉంటే గీత రెండవ వైపు జరిగే వీలుంటుంది.

ఇప్పుడు నా సొంత విషయానికి, అనగా సున్నానికి వస్తాను. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పాత భవనాలను ద్వేషంతో కూల్చినవారికన్నా ప్రేమతో చెడగొట్టినవారు ఎక్కువ.

మన తాతల కాలంలో ఇటుకకు ఇటుకను అతికించినది సున్నం. సున్నపురాయినో, గుల్లనో కాల్చి, నీటిలో నానబెట్టి, ఇసుకతోనో ఇటుక పొడితోనో కలిపి, ఎద్దులు తిప్పే రాతిగానుగలో గంటల తరబడి నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. అట్లా కట్టిన గోడ వానాకాలంలో కొంత తేమ పీల్చుకొని ఎండాకాలంలో వదిలేస్తుంది. మన ఒంటికి చెమట పట్టినట్లే. ఆ గోడకు పెచ్చులూడినవని ఈనాటి తాపీమేస్త్రి సిమెంటు పూత వేస్తాడు. పైకి గట్టిగా, నున్నగా ఉంటుంది. ఫొటోకు బాగుంటుంది. లోపల చిక్కుకొన్న తేమకు బయటకు దారి లేదు. అది గోడలో పైకి పాకుతుంది, ఉప్పును మోసుకొస్తుంది. మూడు నాలుగు వర్షాకాలాల తరువాత సిమెంటు పెచ్చు ఊడుతూ ఇటుక ముఖాన్ని కూడా పీక్కొని వస్తుంది. అప్పుడు మళ్లీ ఇంజనీరు వచ్చి "శిథిలం" అని రాస్తాడు.

పైకప్పు కూడా అంతే. టేకు దూలాలు వేసి, వాటిమీద వాసాలు వేసి, సన్నని ఇటుకలను నిలబెట్టి పేర్చి, ఆ పైన సున్నపు గచ్చు కొట్టిన మిద్దెను మద్రాసు టెర్రసు అంటారు. అది కారినప్పుడు ఆ పైన కాంక్రీటు పోస్తే కారడం తాత్కాలికంగా ఆగుతుంది. కాని ఆ బరువు దూలం మీద పడుతుంది. గోడలో దూరి ఉన్న దూలం కొన ముందే తేమకు మెత్తబడి ఉంటుంది. ఇంతకూ చేయవలసినది దూలం కొనలు పరీక్షించి, చెడినదానిని మార్చి, గచ్చు మళ్లీ కొట్టించడం. పెంకుల కప్పులైతే ఇంకా తేలిక. 1860లలో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమ దక్షిణ దేశమంతటా బడులకు, బంగళాలకు కప్పు ఇచ్చింది. పగిలిన పెంకు తీసి మరొకటి పెట్టడానికి ఇంజనీరు అక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఎగిరిపోయిన పెంకులను వెంటనే సర్దుకొన్న ఇళ్లు నిలుస్తాయి. "చూద్దాంలే" అని ఒక వర్షాకాలం వదిలేసిన ఇళ్ల దూలాలు పుచ్చిపోతాయి. తుపాను ఒక్క రోజు చేసేదానికన్నా ఆ తరువాతి ఉపేక్ష ఎక్కువ చేస్తుంది.

పాత భవనాల రక్షణకై 1877లో ఇంగ్లండులో విలియం మోరిస్ స్థాపించిన సంఘం కూడా ఇదే మాట చెప్పింది: కొత్తగా తీర్చిదిద్దకండి, రోజువారీ మరమ్మతులు చేయండి అని. మన మునిసిపాలిటీలలో చిక్కు ఏమిటంటే, రోజువారీ మరమ్మతుకు పద్దు చిన్నది, ప్రారంభోత్సవానికి పద్దు పెద్దది. టెండరులో తక్కువ రేటు వేసినవాడికి పని పోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రి తక్కువ రేటు వేయలేడు. కావున సిమెంటు వస్తుంది. ఇందులో ఒక్కరి దోషం లేదు, పద్ధతి దోషం ఉన్నది. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రులు మన పల్లెలలో ఇంకా కొందరున్నారు. వారి చేతి కింద ఇద్దరు కుర్రవాళ్లను పెట్టి నేర్పించే పని మునిసిపాలిటీ చేయవచ్చు, మన సంఘాలూ చేయవచ్చు.

ఒక చిన్న మాట పక్కకు జరిగి చెబుతాను. చారిత్రక కట్టడం అనగానే కోటలు, మేడలు తలుచుకొంటాము. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు ఉండేది. గుండ్రని మట్టిగోడ, నేలకు దగ్గరగా వాలిన తాటాకు కప్పు. గాలి ఎటునుండి వచ్చినా దాని చుట్టూ జారిపోయేది. పేదవాడు తుపానుతో చేసుకొన్న ఒప్పందం అది. దానిని ఏ జాబితాలోనూ చేర్చలేదు. పక్కా ఇల్లు వచ్చినందుకు సంతోషించాలి, నేను చుట్టిల్లులో ఉండమని ఎవరికీ చెప్పను. కాని ఒక్క చుట్టిల్లునైనా కొలతలతో సహా బొమ్మ గీసి ఒక పంచాయతీ కార్యాలయంలో దాచి ఉంటే బాగుండేది.

ఇంతవరకు మునిసిపాలిటీని గురించి మాట్లాడాను. మరి మన సంగతి? ఈ ప్రాంతంలో మిషనరీలు 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టారు. జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు; ఒకరు 1809లో, మరొకరు 1810లో ఇక్కడే మరణించారు. ఆ తరువాత రెండు శతాబ్దాలలో ఆలయాలు, బడులు, ఆసుపత్రులు, బంగళాలు ఎన్నో లేచాయి. ఇవి చాలామటుకు సంఘాల అధీనంలోనే ఉన్నవి. వీటిలో ఏది చారిత్రకమో మునిసిపాలిటీకి మనం చెబితే తప్ప తెలియదు. శతాబ్ది అనగానే పాత ఆలయాన్ని కూల్చి దాని చోట పెద్ద కాంక్రీటు ఆలయం కడదామన్న ఉత్సాహం పుట్టడం నేను కొన్ని చోట్ల చూశాను. జనం పెరిగారు, చోటు చాలదు, నిజమే. పక్కన కట్టండి. స్థలం లేదంటే పాత ఆలయం కమానులను ఉంచి వెనుకకు పొడిగించే ఉపాయం చెప్పగల ఇంజనీరును వెతకండి. మెదకు కెథెడ్రల్ 1924 డిసెంబరులో ప్రతిష్ఠితమై 2024లో నూరేళ్లు పూర్తిచేసుకొన్నది. కరువు రోజులలో కూలీలకు అన్నం పెట్టడానికి చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు మొదలుపెట్టిన పని అది. దానిని ఎవరూ "పాతబడింది, కొత్తది కడదాము" అనలేదు. మన చిన్న ఆలయాలకు ఆ పరిమాణం లేదు. కట్టిన కూలీల చెమట మటుకు ఒకటే.

రాజాం విషయంలో నేను సూచించేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఊరిలోను, చుట్టుపక్కల గ్రామాలలోను 75 ఏళ్లు దాటిన కట్టడాలకు ఒక రిజిస్టరు కావాలి. ఎక్కడ, ఎవరిది, ఎప్పుడు కట్టినది, దేనితో కట్టినది, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది, ఒక ఫొటో. ఇది మన యువజనులు రెండు నెలలలో చేయగల పని. గుడి, మసీదు, చర్చి, సత్రం, షావుకారు మేడ అనే తేడా చూపకుండా అన్నీ రాయాలి. చర్చి వాళ్లు చర్చిలే రాసుకొన్నారని ఎవరూ అనకూడదు. ఆ రిజిస్టరు ప్రతిని పురపాలక కార్యాలయంలోను, గ్రామాలవైతే గ్రామ పంచాయతీలోను రసీదు తీసుకొని అందజేయాలి. రసీదు మరచిపోకండి. ఆ జాబితాలోనిది ఏదైనా కూల్చవలసివస్తే, ముందుగా ఊరివారికి తెలియజేసి, "శిథిలం" అన్నదానికి కారణం కొలతలతో సహా రాయాలని ఒక తీర్మానం అడగాలి. ఒక భవనం పోక తప్పదనుకొంటే, పోయేముందు కొలతలు తీసి బొమ్మ గీయించమని అడగాలి. ఈ మాత్రం చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు, కేంద్రం నుండి నిధులూ అక్కరలేదు.

మొదటి పేజీలో మన సొంత భవనాలే ఉండాలని నా కోరిక. ఈ సభకు వచ్చిన పెద్దలలో ఎవరి ఇంటనైనా పాత ఫొటోలు ఉంటే, వెనుక సంవత్సరం రాసి ఉన్నా లేకపోయినా, దయచేసి తీసుకురండి. ఆ ఫొటోలో నిలబడ్డ మనుషుల వెనుక కనిపించే గోడ మాకు కావాలి. ఆలయాల ట్రస్టీలకు ఒక మనవి: గోడ పగుళ్లలో రావి, మర్రి మొక్కలు ఉన్నవేమో ఈ వారంలోనే నిచ్చెన వేసి చూడండి. పైన కోస్తే చాలదు, వేరుతో లాగి ఆ బొక్కను సున్నంతో పూడ్చండి. జూన్ వానలు మొదలయ్యేలోగా తూములు శుభ్రం చేయించండి. సున్నం ఎక్కడ దొరుకుతుందో, ఏ పాళ్లలో కలపాలో అడిగేవారికి భోజన విరామంలో నేను వరండాలో తూర్పు వైపు బెంచీ దగ్గర ఉంటాను.